పున్నమ్మ బిగింపు

బెజవాడ గవర్నర్‌పేటలో ఆ రోజుల్లో వదులుగా ఉన్న ప్రతి వస్తువుకీ ఒక పేరుండేది. జట్కా చక్రం లొడలొడలాడితే పున్నమ్మ బిగింపు. కాఫీ హోటలు బల్ల ఊగితే పున్నమ్మ బిగింపు. రేషను కొట్టు గుమాస్తా తక్కెడ పట్టుకున్నప్పుడు ముల్లు ఒక పక్కకి వాలితే, వరసలో నిలబడ్డవాళ్ళు "ఇది పున్నమ్మ బిగించిందా ఏంటండీ" అని నవ్వుకునేవారు. పున్నమ్మ అనే మనిషి నిజంగా ఉందనీ, ఆమె అంకమ్మరావు సైకిలు కొట్టు వెనక గదిలో, గోనెపట్టా పరదా అవతల కూర్చుని ఉంటుందనీ ఆ నవ్వినవాళ్ళలో పదిమందికి కూడా తెలియదు.

ఒకనాడు కుళాయి దగ్గర ముందు నిలబడ్డ ఆవిడ బొక్కెన పిడి ఊడి వచ్చింది. ఆవిడ దాన్ని పైకెత్తి చూపించి, "పున్నమ్మ బిగింపమ్మా ఇది. వేసినవాడి చెయ్యి విరగ" అంది. తరవాత వెనక్కి తిరిగి, "రోజూ చూస్తాను గానీ, నీ పేరేంటమ్మాయ్?" అని అడిగింది.

"వెంకటరావమ్మ," అంది పున్నమ్మ.

అది చచ్చిపోయిన తల్లి పేరు. నోటికి అదే వచ్చింది. అప్పటినుంచి కుళాయి దగ్గర ఆమె వెంకటరావమ్మే.

ఆ మాట పుట్టింది మూడేళ్ళ కిందట, యుద్ధం ఇంకా నడుస్తుండగా. ఒక స్కూలు మాస్టారి సైకిలు వెనక చక్రం నడిరోడ్డు మీద పట్టేసింది. ఆయన దాన్ని భుజాన మోసుకుని కొట్టుకి వచ్చాడు. విప్పి చూస్తే ఇరుసుకి ఒక పక్క తొమ్మిది బేరింగు బాల్సు ఉండవలసిన చోట ఏడే ఉన్నాయి.

"ఎవరు బిగించారు దీన్ని?" అన్నాడు కొట్టు యజమాని అంకమ్మరావు.

బిగించింది పున్నమ్మ భర్త హనుమయ్య. ఇరవయ్యేళ్ళకి పైగా ఆ పరదా పక్క పీట మీద కూర్చుని పనిచేస్తున్నవాడు. చక్రం నడుమ ఉండే హబ్బు విప్పడంలో అతని చేతికి ఊళ్ళో సాటి లేదని పేరు.

"కడగమని లోపలికిచ్చానండి," అన్నాడు హనుమయ్య. "ఆడదాన్ని కడగమంటే కడిగి ఊరుకుంటుందా? నేను భోజనానికి లేచొచ్చేసరికి బిగించి కూచుంది. ఆ మిగిలిన రెండూ పోపులో వేసిందేమో, ఇవాళ పప్పు చూసుకుని నమలాలి."

కొట్టంతా నవ్వింది. సైకిలు మోసుకొచ్చిన మాస్టారు కూడా నవ్వాడు. పరదా అవతల పున్నమ్మ అప్పుడు నిజంగానే పోపు వేస్తోంది. గరిటె గిన్నెలో అలాగే ఆగిపోయింది.

అతను అబద్ధం ఎందుకు ఆడాడో ఆ మధ్యాహ్నమే తెలిసింది. భోజనానికి కూర్చుని పెరుగు గిన్నె అనుకుని గంజి గిన్నెలో చెయ్యి పెట్టాడు. పున్నమ్మ దగ్గరగా వంగి చూసింది. రెండు కళ్ళలోనూ నల్లగుడ్ల మీద పలచటి మజ్జిగ పోసినట్టు తెల్లగా ఉంది.

"కనబడటం లేదా మీకు?"

"నోరు మూసుకుని పెరుగు వెయ్యి," అన్నాడు హనుమయ్య.

సామాను కిరసనాయిల్లో కడగడం అంతకుముందు కూడా పున్నమ్మ పనే. ఆ రోజునుంచి మిగతా పని కూడా ఆమెదైంది. అతను బయట చేత్తో తడిమి విప్పేవాడు. డబ్బాలో వేసి పరదా కిందనుంచి లోపలికి తోసేవాడు. ఆమె కడిగి, ఎండబెట్టి, గ్రీజు పెట్టి, గ్రీజులో బాల్సు లెక్కగా అతికించి, ఏది ముందు ఎక్కాలో ఏది తరవాత ఎక్కాలో ఆ వరసలో నూలు దారానికి గుచ్చి బయటికి ఇచ్చేది. మంగళగిరిలో నేతగాళ్ళింట పుట్టిన పిల్ల. రెండువేల పోగుల పడుగులో తెగిన పోగేదో కళ్ళు మూసుకుని పట్టుకోగలదు. సైకిలు హబ్బు ఆమెకి ఒక లెక్క కాదు. హనుమయ్య దారం మీదనుంచి ఒక్కొక్కటీ లాగి మర తిప్పేవాడు.

పరదాకి ఆమె కన్ను పట్టేంత చిరుగు ఉంది. అతను తప్పు వస్తువు పట్టుకుంటే గాజులు రెండుసార్లు మోగేవి. సరైనదైతే ఒకసారి. "బాల్సు ఎన్ని మిగిలాయి హనుమయ్యా" అని యజమాని అడిగితే ఎన్ని మిగిలితే అన్నిసార్లు మోగేవి. హనుమయ్య తల కొంచెం పరదా వైపు వంచి, ఆలోచిస్తున్నవాడిలా ఒక్క క్షణం ఆగి జవాబు చెప్పేవాడు. ఆ ఆగడం కూడా పెద్దతనం కింద చెల్లిపోయింది.

మూడేళ్ళలో ఆ పీట మీదనుంచి వెళ్ళిన ఒక్క చక్రమూ చెడి తిరిగి రాలేదు. మాట మాత్రం పోలేదు. దాన్ని పోనివ్వకుండా కాపాడింది హనుమయ్యే. బేరం లేని వేళ ఎవరైనా వచ్చి కూర్చుంటే ఆ కథ మొదలుపెట్టేవాడు. చెప్పినకొద్దీ పోపులో పడిన బాల్సు రెండు నాలుగయ్యాయి, నాలుగు ఆరయ్యాయి.

ఒకసారి పున్నమ్మ అడిగింది. "ఆ మాటొక్కటి మానెయ్యకూడదూ?"

"పేరు పోయిందనా? పేరు పెట్టుకుని ఊరేగుతావా ఏంటి? నీ కంచంలోకి అన్నం నా పేరు మీద వస్తోంది." ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి దింపేశాడు. "ఇదీ కిరసనాయిలు కంపే. పుట్టింట్లో గంజి కంపు, ఇక్కడ ఈ కంపు. చేతులు కడుక్కునే అలవాటు మీ వంశంలోనే లేదు."

హనుమయ్య ఎన్నడూ భార్య మీద చెయ్యి చేసుకోలేదు. ఆ సంగతి అతనే పదిమందికీ చెప్పుకునేవాడు.

యుద్ధం అయిపోయింది. మిలిటరీ వర్కుషాపులో నాలుగేళ్ళు పనిచేసిన సొలొమోను కొట్టులో చేరాడు. పాతికేళ్ళవాడు, నెమ్మదస్తుడు, పొద్దున ఎనిమిదింటికి ముట్టుకున్న సైకిలు పదింటికల్లా లేపి నిలబెట్టేవాడు. కొత్తగా పెళ్ళయింది, కాపురానికి గది లేదు. అంకమ్మరావు అప్పుడప్పుడు పరదా వైపు చూసి, "ఆ గదికి గాలి బాగా వస్తుందిరా సొలొమోనూ" అనేవాడు. హనుమయ్య వినేలాగే అనేవాడు.

అలాంటప్పుడు పామర్రు గుడ్డల వ్యాపారి ఆదిశేషయ్య యానాం నుంచి గేరు సైకిలు తెచ్చాడు. స్వదేశం పోతున్న ఫ్రెంచి దొర దగ్గర కొన్నాడట. వెనక చక్రానికి ఒకటి కాదు, మూడు పళ్ళచక్రాలు. వాటి పక్కన ఎండ్రకాయ డెక్కలాంటి ఒక చెయ్యి వేలాడుతూ ఉంటుంది. మీట నొక్కితే ఆ చెయ్యి చైనుని ఒక చక్రం మీదనుంచి ఇంకో చక్రం మీదకి నెడుతుంది. దాని పేరేదో ఫ్రెంచి మాట. ఆదిశేషయ్య ఎన్నిసార్లు చెప్పినా అంకమ్మరావు నోట 'దొరాయిలు' అనే వచ్చింది.

"ఇసకా ఉప్పూ పట్టి కదలటం లేదండి," అన్నాడు ఆదిశేషయ్య. "మొత్తం విప్పి కడిగి బిగించాలి."

"దొరాయిలుకి ఓవరాయిలు," అన్నాడు అంకమ్మరావు తన మాటకి తనే మురిసి. తరవాత హనుమయ్య వైపు తిరిగాడు. "చూడు హనుమయ్యా. జిల్లాలో ఇలాంటిది ఇదొక్కటే. గురువారం పొద్దున నలుగురినీ పిలుస్తాను. అందరి ముందూ నువ్వే బిగించు. ఆయన దాన్ని ఆనకట్ట దాకా తొక్కుకెళ్ళి తొక్కుకుంటూ తిరిగొస్తే ఆ గది నువ్వు బతికున్నన్నాళ్ళూ నీది. రాకపోతే ఆ పీట సొలొమోనుది, గదీ వాడిదే. పెద్దవాడివి, ముందే చెబుతున్నాను."

"దానికేం భాగ్యమండి," అన్నాడు హనుమయ్య.

బుధవారం అమావాస్య. ఆ రోజు కొట్టు తియ్యరు, పనిముట్టు ముట్టరు. గేరు సామాను మాత్రం విప్పకుండానే పరదా లోపలికి వచ్చింది.

"ఇవాళ ముట్టుకోవచ్చా?" అంది పున్నమ్మ.

"మగాడు చేస్తే పని. ఆడది కడిగితే గిన్నెలు తోమినట్టే. కానీ."

చేటలో పాత చీరముక్క పరిచి అన్నీ విప్పి వరసగా పెట్టుకుంది. బిస్కట్టంత పళ్ళచక్రాలు రెండు, వాటిని పట్టుకునే రేకులు రెండు, ఒక స్ప్రింగు, నాలుగు మరలు, గింజల్లాంటి వాషర్లు. ఉప్పూ ఇసకా పాత గ్రీజూ కలిసి నల్లటి జీడిలా గట్టిపడి ఉన్నాయి. రేషను కిరసనాయిలు చాలదని రెండు రోజులుగా దీపం పెందలాడే ఆర్పి మిగిల్చిపెట్టింది. కొబ్బరిచిప్పలో నానబెట్టి, కుంచెలా నమిలిన వేపపుల్లతో పంటికీ పంటికీ మధ్య తోమింది. గుడ్డతో తుడిచి ఎండలో ఆరబెట్టింది. చక్రాల నడిమి బొర్రల్లోకి మాత్రం అగ్గిపుల్లతో రవ్వంత గ్రీజు. కదిలే కీళ్ళకి కోడి ఈకతో ఒక్కొక్క చుక్క మిషను నూనె. స్ప్రింగుకి నూనె గుడ్డతో ఒక్క తుడుపు. తరవాత పైకి కనబడేదంతా మళ్ళీ పొడిగా తుడిచేసింది. ఓవరాయిలు అంటే నూనె ఒంపడం అనుకునేవాళ్ళు కొట్టులో సగంమంది. నూనె ఎక్కువైతే దుమ్ముని పిలిచి భోజనం పెట్టినట్టేనని పున్నమ్మకి మగ్గం దగ్గరే తెలుసు.

పని ముగించి రెండు చక్రాలూ భర్త చేతిలో పెట్టింది.

"ఇవి చూడటానికి కవలపిల్లల్లా ఉంటాయి. కావు. ఒకదాని బొర్ర ఇత్తడి, రెండోదాని బొర్ర ఉక్కు. ఇత్తడిది వెంట్రుకవాసి పక్కకి ఆడుతుంది. అది పైన ఉండాలి. ఉక్కుది ఆడదు, అది కింద. విప్పేముందు అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసిపెట్టుకున్నాను. ఇవి తారుమారైతే చేత్తో తిప్పినప్పుడు తెలియదు. మనిషి బరువు పడ్డప్పుడు చైను జారి చక్రం పుల్లల్లోకి పోతుంది."

హనుమయ్య వేళ్ళతో తడిమాడు. వేళ్ళ చివర్లు పాతికేళ్ళ పనికి కాయలు కాచి ఉన్నాయి. రెండూ ఒకేలా తగిలాయి. "ఇత్తడిది పైది. అంతేగా."

"అంతే కాదు. రేపు మీరు సైకిలు తలకిందులు చేసి నిలబెడతారు. అప్పుడు పైది కిందకి వస్తుంది, కిందది పైకి పోతుంది. అందుకని పై, కింద అని అడగొద్దు. ఇత్తడిది పడుగు అందాం, ఉక్కుది పేక అందాం. పడుగు ఎప్పుడూ హబ్బు దగ్గర. పేక దూరంగా. సైకిలు ఎటు తిప్పినా తప్పు రాదు."

"నా నోట మగ్గం మాటలు పలికించకు," అన్నాడు హనుమయ్య. అతను పుట్టింది కూడా మంగళగిరి నేతగాళ్ళింట్లోనే. "పాతికేళ్ళ కిందట ఆ మగ్గం గుంటలోంచి లేచొచ్చాను. మళ్ళీ దింపుతావా?"

"అది కాదండీ, రేపు కంగారులో..."

"పై చక్రం, కింద చక్రం. సైకిలు కొట్టులో సైకిలు మాట. నువ్వు వరసగా గుచ్చి ఇయ్యి, అడిగే పనేముంటుంది?"

నిజమే. దారం మీద వరస ఉన్నంతసేపూ అడిగే పని లేదు. పున్నమ్మ దారం తీసి గుచ్చడం మొదలుపెట్టింది. సగం గుచ్చాక, తల ఎత్తకుండా అంది.

"ఒకటి అడుగుతాను, కోప్పడకండి. రేపు బాగా నడిస్తే, అందరి ముందూ ఒక్క మాట అనండి. పున్నమ్మ బిగింపు చెడ్డది కాదర్రా అని. మీ కళ్ళ సంగతి చెప్పొద్దు. నేను చేశానని చెప్పొద్దు. ఊరికే ఆ ముక్క."

హనుమయ్య తమలపాకు ఈనె తీశాడు. ఏ కళనున్నాడో, "సరే," అన్నాడు. "ఆ ఒక్క ముక్కకేం. అంటాలే."

ఆ రోజు పున్నమ్మ కుంకుడురసంతో మూడుసార్లు చేతులు కడుక్కుని గుత్తివంకాయ కూర చేసింది. హనుమయ్య వాసన అనకుండా తిన్నాడు.

గురువారం పొద్దున కొట్టు ముందు పాతికమంది చేరారు. ఆదిశేషయ్య కుర్చీలో కూర్చుని సోడా తాగుతున్నాడు. సొలొమోను ఒక పక్క గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. సైకిలు సీటు మీదా హాండిలు మీదా తలకిందులుగా నిలబడి ఉంది. కిందకి వేలాడవలసిన గేరు చెయ్యి ఇప్పుడు ఆకాశంలోకి చూస్తోంది.

హనుమయ్య దారం మీదనుంచి ఒక్కొక్కటీ లాగి బిగిస్తున్నాడు. స్ప్రింగు ఎక్కింది. రేకు ఎక్కింది. పరదా అవతల గాజులు ఒక్కొక్కసారి మోగుతున్నాయి. ఆ చేతుల నిదానం చూసి జనం గుసగుసలు మానేశారు. ఇక మిగిలినవి రెండు చక్రాలు, ఒక రేకు.

అప్పుడు ఆదిశేషయ్య సోడాబుడ్డి కింద పెట్టి అన్నాడు. "ఏమయ్యా, పున్నమ్మ బిగింపు అంటారే, అది పుట్టింది ఈ కొట్టులోనేనట? పామర్రులో కూడా అంటున్నారు. ఎవరా పున్నమ్మ?"

పున్నమ్మ మోకాళ్ళ మీద లేచి చిరుగు దగ్గరికి జరిగింది. ఇంతకన్న మంచి అదను రాదు. అతను నోరు తెరిస్తే చాలు.

హనుమయ్య నవ్వాడు. "మా ఇంటిదేనండి," అన్నాడు. "దాని కథ చెబితే మీరు సోడా కక్కుకుంటారు."

కథ మొదలుపెట్టాడు. కొత్త మనిషి, పాతికమంది జనం, పైగా పని చివరికొచ్చింది. ఇంతకుముందెన్నడూ చెప్పనంత బాగా చెప్పాడు. పున్నమ్మ గొంతు పెట్టి, ఆడనడక కూర్చునే అభినయించి, రెండు చేతులూ ఎత్తి గరిటె తిప్పుతున్నట్టు చూపిస్తూ, "'ఏమండీ, ఈ ఎనిమిదీ మిగిలాయి, చారులో వెయ్యనా, పులుసులో వెయ్యనా' అందండీ" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. ఆదిశేషయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

ఎత్తిన చేతిలోంచి దారం జారింది. రెండు చక్రాలూ దానిమీదనుంచి ఊడి పంచె ఒడిలో పడ్డాయి.

హనుమయ్య ఒడిలో తడుముకున్నాడు. ఒకటి తీశాడు. రెండోది తీశాడు. ఒకటి పెట్టేశాడు. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది గానీ చెవులు మాత్రం పరదా వైపు తిరిగాయి. గాజులు మోగలేదు.

"ఏమే," అన్నాడు గట్టిగా, చేతిలోది పైకెత్తి. "ఇది పైదేనా? సరిగ్గా తుడిచావా అసలు?" తరవాత జనంతో, "తుడవడమైనా తిన్నగా ఏడిస్తే నాకంతే చాలండి" అన్నాడు.

చిరుగులోంచి పున్నమ్మకి అంతా కనబడుతోంది. అతని చేతిలో ఉన్నది ఇత్తడిది. ఆకాశంలోకి చూస్తున్న గేరు చెయ్యి కనబడుతోంది. అతని రెండో చెయ్యి ఇప్పటికే ఆ గేరు చేతి పై కొస మీద మర సందు వెతుకుతోంది. అది ఉక్కుదాని చోటు. పడుగు అని ఒక్క మాట అనవచ్చు. అదీ అక్కర్లేదు, గాజులు రెండుసార్లు మోగిస్తే చాలు.

"పైదేనండి," అంది పున్నమ్మ.

మూడేళ్ళలో కొట్టులోకి వినబడేలా ఆమె మాట్లాడిన మొదటి మాట అది. అందులో అబద్ధం ఏమీ లేదు.

హనుమయ్య దాన్ని పై కొసకి బిగించాడు. రెండోదాన్ని కిందకి బిగించాడు. రేకు మూసి మర తిప్పి, చైను ఎక్కించి పెడలు తిప్పాడు. తలకిందులుగా ఉన్న చక్రం గాలిలో సన్నగా పాడుతూ తిరిగింది. మీట నొక్కితే చైను ఒక చక్రం మీదనుంచి ఇంకో చక్రం మీదకి పిల్లిలా దూకింది. జనం ఆహా అన్నారు. అంకమ్మరావు అందరికీ కాఫీ చెప్పాడు.

"ఇక గది నీదే అనుకో హనుమయ్యా," అన్నాడు. "మాట అంటే మాట."

ఆదిశేషయ్య పంచె ఎగ్గట్టి సైకిలెక్కి కాలవగట్టు రోడ్డు పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆనకట్ట దగ్గర రోడ్డు ఎక్కుడుగా ఉంటుంది. అక్కడ మీట నొక్కకుండా తొక్కలేడు.

"విన్నావుటే?" అన్నాడు హనుమయ్య పరదా వైపు. గొంతులో గెలుపు ఉంది. "గది మనదే."

బయట కాఫీ గ్లాసులు చప్పుడవుతున్నాయి. పున్నమ్మ అటక మీదనుంచి ట్రంకుపెట్టె దించి, చీరలు మడతపెట్టి సర్దడం మొదలుపెట్టింది.

గంటన్నరకి ఆదిశేషయ్య జట్కాలో తిరిగొచ్చాడు. మోకాలు చీరుకుపోయి పంచె నెత్తురుతో అంటుకుపోయింది. సైకిలు జట్కా వెనక తాళ్ళతో కట్టి ఉంది. కొట్టు ముందు దాన్ని దింపారు. చైను పుల్లల మధ్య చుట్టుకుని ఉంది. గేరు చెయ్యి మెలితిరిగి చక్రంలోకి దూరి రెండు ముక్కలైంది. అలాంటిది ఇంకొకటి కావాలంటే ఫ్రాన్సు పోవాలి.

సొలొమోను వంగి చూశాడు. చక్రాలని వేలితో కదిపి, ఒకటి రెండుసార్లు పరీక్షగా చూసి లేచాడు. "ఇత్తడి బొర్రది కిందికొచ్చిందండి. తారుమారు బిగించారు."

"ఎవరు బిగించారు?" అన్నాడు అంకమ్మరావు. మూడేళ్ళ కిందట కూడా అదే మాట అడిగాడు.

హనుమయ్య పీట మీదనుంచి లేవలేదు. "ఇంకెవరండీ," అన్నాడు, నవ్వబోయాడు. "పున్నమ్మ బిగింపు."

ఎవరూ నవ్వలేదు.

"నా కళ్ళ ముందు నువ్వే కదయ్యా బిగించింది," అన్నాడు ఆదిశేషయ్య.

సొలొమోను పీట దగ్గరికి వచ్చి హనుమయ్య ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. కొంతకాలంగా అతనికి ఒక అనుమానం ఉంది. గట్టిగా అడిగితే బాగుండదని ఊరుకున్నాడు. ఇప్పుడు అరచెయ్యి చాచి మెల్లిగా అన్నాడు. "బాబాయ్, ఇందులో బాల్సు ఎన్నున్నాయో చెప్పు."

హనుమయ్య తల పరదా వైపు వంచాడు. ఆలోచిస్తున్నవాడిలా ఆగాడు. ఎప్పుడూ ఆగేదానికన్న ఎక్కువసేపు ఆగాడు.

పరదా వెనక పున్నమ్మ ఎడమచేత్తో కుడిచేతి గాజులు కదలకుండా గట్టిగా పట్టుకుంది.

"ఏడు," అన్నాడు హనుమయ్య.

సొలొమోను అరచెయ్యి ఖాళీగా ఉంది.

ముందు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తరవాత ఆదిశేషయ్య ఒక్కసారిగా నవ్వాడు, మోకాలి నొప్పికి మూలుగుతూ నవ్వాడు. అతని వెంట అందరూ నవ్వారు. అంకమ్మరావు నవ్వలేదు. హనుమయ్య గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకి తిప్పి చూశాడు.

"ఎన్నాళ్ళైందయ్యా?"

హనుమయ్య గడ్డం విడిపించుకున్నాడు. "నా కళ్ళు పోతేనేమండీ, పని పోలేదు," అన్నాడు. "మూడేళ్ళనుంచి ఒక్క చక్రం తిరిగొచ్చిందా చెప్పండి. అన్నీ మా పున్నమ్మే బిగించిందండి. దాని చెయ్యి నా చేతికన్న మంచిది. పున్నమ్మ బిగింపు అంటే జిల్లాలో సాటి లేదండి. నా మాట నమ్మండి."

అందరి ముందూ అన్నాడు. అడిగినదానికన్న ఎక్కువే అన్నాడు.

జనం ఇంకా గట్టిగా నవ్వారు. పాత కథకి కొత్త ముక్క అనుకున్నారు. "ఇంతకీ ఇవాళ చారులోనా, పులుసులోనా?" అన్నాడొకడు వెనకనుంచి.

"చెప్పవే," అన్నాడు హనుమయ్య పరదా వైపు తిరిగి. "అన్నీ నువ్వే బిగించావని చెప్పు. ఒక్కసారి బయటికొచ్చి చెప్పు."

అంకమ్మరావు గోనెపట్టా పక్కకి లాగాడు. పున్నమ్మ తాడు కట్టిన ట్రంకుపెట్టె పక్కన నిలబడి ఉంది. కొంగు భుజం నిండా కప్పుకుంది. ముఖంలో ఏమీ లేదు.

"నిజమేనా అమ్మాయ్? ఇన్నాళ్ళూ బిగించింది నువ్వా?" అన్నాడు అంకమ్మరావు. అతను నవ్వుతూ అడగలేదు. ఔనంటే ఏదో ఒక దారి ఆలోచించేవాడే. సొలొమోను కూడా ఆమె చేతుల వైపే చూస్తున్నాడు.

"నేను కడిగేదాన్నండి," అంది పున్నమ్మ. "ఆడదాన్ని. బిగింపు నాకేం తెలుసు?"

మంగళగిరిలో తమ్ముడు కోటిలింగం తన ఇంటి వసారాలో ఒక పక్క వాళ్ళకి చోటిచ్చాడు. పున్నమ్మ మళ్ళీ పడుగు దగ్గర కూర్చుంది. హనుమయ్య స్తంభానికి ఆనుకుని పొద్దస్తమానం కూర్చునేవాడు. కాలు కదిపేముందు, చెయ్యి చాచేముందు, తల ఒక పక్కకి వంచి ఆగేవాడు.

ఉగాది ముందు కోటిలింగం చీరలు అమ్ముకుని బెజవాడ నుంచి వచ్చాడు. మగ్గం గుంటలోకి దిగి తొక్కుడుకర్ర మీద కాలు వేస్తే తాడు జారిపోయింది.

"అక్కా, బెజవాడలో దీన్ని ఏమంటారో తెలుసా?" అన్నాడు నవ్వుతూ. "పున్నమ్మ బిగింపట. నీ పేరే. ఎవత్తో మరి, మహాతల్లి."

"తెలుసు," అంది పున్నమ్మ. గుంట అంచున కూర్చుని తాడు విప్పి మళ్ళీ కట్టి ఇచ్చింది.

వసారాలోంచి హనుమయ్య మంచినీళ్ళు అడిగాడు. ఆమె లేచి చెంబుతో నీళ్ళు తెచ్చి, అతని చేతికి జానెడు దూరంలో పెట్టి వెనక్కి వచ్చింది. నేతింట్లో గాజులు పోగుకి తగలకుండా వాటికి నూలు చుట్టుకుంటారు. చప్పుడు రాదు. హనుమయ్య తల వంచి వింటూ, చెయ్యి చాచి, చాలాసేపు గాలిలో అలాగే ఉంచాడు.